ఏడో వరస, ముప్పై ఒకటి

పొద్దున్నే మా వీధిలోకి మున్సిపాలిటీ వాళ్లు కొత్త ఇంటి నంబర్లు అంటించడానికి వచ్చారు. వచ్చినాయనకి యాభై దాటి ఉంటాయి. చంకలో స్టిక్కర్ల కట్ట, చేతిలో గీకడానికి ఇనప రేకు. మా నాన్న కట్టించిన ఈ ఇంటి గేటు పక్కనున్న పాత నంబరు మీద ఆ రేకు పెట్టబోతుంటే వంటింట్లోంచి పరుగున వచ్చాను.

"ఆగండాగండి! అది చెరపమని ఎవరు చెప్పారు మీకు?"

"పాతది తీసేసి కొత్తది అంటించాలమ్మా. పైవాళ్ల ఆర్డరు."

"ఆ పైవాళ్లని ఒకసారి కిందికి రమ్మనండి, నేను మాట్లాడతాను."

మా ఆయన వరండాలోంచి పేపరు మడిచి తొంగి చూశారు. "కూర్చో బాబూ. నంబర్ల సంగతి ఎత్తావంటే ఈవిడగారు ఇప్పట్లో వదలదు. టీ తాగుదువుగాని."

ఒళ్లు మండింది గానీ టీ నేనే పెట్టాను. గ్లాసు ఆయన చేతికిచ్చి, వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే కర్ర తెచ్చి ముందు పెట్టాను. మోకాలెత్తు కర్ర అది. కింది కొస చెక్కి ఉంటుంది, పైభాగం పలకలా చదును చేసి ఉంటుంది. దాని మీద తెల్లరంగుతో రెండు అంకెలు: పైన ఏడు, కింద ముప్పై ఒకటి; వాటి కింద వెలిసిపోయిన రంగు పట్టీ. మా ఆయన దాన్ని పారేద్దామని ఇప్పటికి పదిసార్లయినా అని ఉంటారు. ఆ మాట అన్నప్పుడల్లా ఆ పూట ఇంట్లో ఎవరి కూర వాళ్లు వండుకోవాల్సి వచ్చింది.

"ఇదేంటమ్మా?" అన్నాడాయన.

"చెబుతాను. విన్నాక కూడా గీకాలనిపిస్తే గీకండి."

నేను ముప్పై ఏళ్లు శరణార్థుల శిబిరాల్లో పనిచేశాను. అలాగంటే జనం నన్ను డాక్టరో నర్సో అనుకుంటారు. నేను ఎవరి నాడీ పట్టుకోలేదు. నాది టేపు పని. ఖాళీ నేల చూపిస్తే కొలిచి, సున్నంతో గీతలు గీసి, డేరాకీ డేరాకీ మధ్య ఎంత ఎడం ఉండాలో, నిప్పంటుకుంటే పాకకుండా ఎక్కడ ఖాళీ వదలాలో, కాలవ ఎటు తవ్వాలో, కుళాయి ఎక్కడ పెట్టాలో చెప్పడం నా ఉద్యోగం. నడుముకి ఎప్పుడూ యాభై మీటర్ల టేపు వేలాడుతూ ఉండేది. అందుకే శిబిరంలో అందరూ 'టేపక్కా' అని పిలిచేవాళ్లు. నా అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు.

ఆ మొదటి శిబిరం రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఆఫీసు వెనక ఒక్క గదిలో ఆరుగురం ఆడవాళ్లం, అందరికీ కలిపి ఒక్కటే అద్దం. తెల్లారగానే నర్సు శ్రుతి తప్పి పాడుతూ జడ వేసుకునేది, మేం దిండ్లు విసిరేవాళ్లం. బయటికొస్తే రాత్రి వానకి తడిసి ఎండకి ఆవిరి కక్కుతున్న డేరాగుడ్డ వాసన. సున్నానికి నా వేళ్లు పగిలిపోయి ఉండేవి. ఇరవై ఎనిమిదేళ్ల వయసు, మొదటి ఉద్యోగం, లోకాన్ని సరిచేసేస్తానన్న పొగరు. అంత మంచి ఆకలి, అంత మంచి నిద్ర తర్వాత మళ్లీ నాకు దొరకలేదు.

జనం వంతెన దాటి వచ్చినవాళ్లు. అవతల ఊళ్లు తగలబడుతుంటే చేతికందింది పట్టుకుని వచ్చేశారు. వచ్చిన కొద్దీ డేరాలు వేస్తూ పోయాం. ఎక్కడ చోటుంటే అక్కడ ఒక వరస. అందుకని మూడో వరస పక్కన పదో వరస, ఏడో వరస వెనక పన్నెండు. నాలుగు వందల డేరాలు, అంతా కలగాపులగం. ఒకరోజు తొమ్మిదో వరసలో ఒక పసిదానికి జ్వరమొచ్చి ఫిట్సు వస్తే, మా నర్సు మందులపెట్టె పట్టుకుని గంటసేపు ఆ డేరా కోసం తిరిగింది. పిల్ల బతికింది గానీ నర్సు వచ్చి నా మీద విరుచుకుపడింది. "నీ టేపు కాల్చనా! ఇదేం శిబిరమే, పద్మవ్యూహమా?" అంది.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అదే వారంలో వానలకి పల్లం వైపు వరసల్లో నీళ్లు నిలిచాయి. వాటిని ఎలాగూ మెరకకి మార్చాలి. ఆ పనిలో పనిగా మొత్తం శిబిరానికి గేటు దగ్గర మొదలుపెట్టి వరసగా కొత్త నంబర్లు వేసేశాను. నంబరు కర్రలన్నీ పీకించాను, రంగు వేయించి మళ్లీ పాతించాను. మూడు రోజుల్లో ముగించి, గట్టు మీద నుంచుని చూసుకుంటే, ఎటు చూసినా దారం లాగినట్టు ఒకటే గీత. కళ్లు నెత్తికెక్కాయంటే నమ్మండి. మా పెద్దసారు కూడా భుజం తట్టారు.

ఒక్క మనిషి మాత్రం సంతోషించలేదు. పాత ఏడో వరస, ముప్పై ఒకటో డేరా అవ్వ.

బక్కపలచని మనిషి, నోరు మాత్రం బలం. ఒంటరిది. మెరకకి మార్చాక ఆమెది రెండో వరస తొమ్మిదో డేరా అయింది. కర్ర పీకుతుంటే మనుషుల్ని తోసేసి, తన కర్ర తను లాక్కుని నా దగ్గరికి వచ్చింది.

"ఇదిగో టేపు పిల్లా. డేరా ఎక్కడికైనా మార్చుకో. నంబరు మార్చకు."

"ఎందుకవ్వా? రెండో వరసంటే గేటుకి దగ్గర, కుళాయి పక్కన. నీ మంచికే."

"నా కూతురు అవతలే ఉండిపోయింది. నిండు నెలల మనిషిని, వంతెన మీద తొక్కిసలాటలోకి ఎలా తెస్తాను? కాన్పయ్యాక రమ్మన్నాను. వంతెన దాటే ప్రతి లారీ డ్రైవరుకీ చెప్పి పంపాను, ఏడో వరస ముప్పై ఒకటి అని. అది ఆ మాట పట్టుకుని వస్తుంది."

"వస్తే ఆఫీసులో అడుగుతుందిలే. రిజిస్టర్లో నీ పేరుంది, మేం చూసి పంపిస్తాం."

"ఆఫీసుకి అది రాదు. కాగితం చూపించమన్న చోటికి వెళ్లిన దాని మొగుడు మళ్లీ తిరిగి రాలేదు. బల్ల, రిజిస్టరు కనిపిస్తే ఆమడ దూరం పారిపోతుంది. నేరుగా డేరాకే వస్తుందమ్మా."

వినాల్సిన మాట అది. నేను చెవిన వేసుకోలేదు. నాలుగు వందల డేరాలకి ఒక లెక్క, నీ ఒక్కదానికి ఇంకో లెక్కా అని కసురుకున్నాను. నా నోరు అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే.

అవ్వ నాతో వాదించడం మానేసింది. మర్నాటి నుంచి పాత కర్ర ఒళ్లో పెట్టుకుని, అంకెలు బయటికి కనిపించేలా, గేటు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. పొద్దున వస్తే సాయంత్రం దాకా కదిలేది కాదు. అక్కడే నీళ్ల లారీలు వెనక్కి తిరుగుతాయి. ఎప్పుడు ఎవరు తొక్కేస్తారోనని నాకు భయం. ఆ భయం కింద ఇంకోటి కూడా ఉంది, ఇప్పుడు దాచుకోవడం దేనికి, నేనంత ముచ్చటపడి వేసిన నంబర్లని ఆ ముసలామె అందరి ముందూ వెక్కిరిస్తున్నట్టు అనిపించేది. పదో రోజున వాచ్‌మన్‌ని పిలిచి, ఆమెని ఇక గేటు దగ్గర కూర్చోనివ్వద్దని చెప్పాను. అవ్వ గొడవ చేయలేదు. నావంక ఒక్క చూపు చూసి, కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

అది జరిగిన నాలుగో రోజు నా టేపు సంచి చిరిగిపోతే కుట్టించుకుందామని దర్జీ దగ్గరికి వెళ్లాను. శిబిరంలో కుట్టు మిషను ఉన్నది అతనొక్కడికే. మొదట్నుంచీ ఒకే డేరాలో ఉంటున్నాడు. డేరా కదల్లేదు గానీ నా కొత్త లెక్కలో అతనిది ఏడో వరస ముప్పై ఒకటి అయింది. ఆ సంగతి అక్కడికి వెళ్లేదాకా నాకు తట్టనే లేదు.

సూదిలో దారం ఎక్కిస్తూ మాటవరసకి అన్నాడు. "మొన్న ఒకమ్మాయి వచ్చిందక్కా. చంకలో చంటిది. తిన్నగా వచ్చి గుమ్మంలో నుంచుని 'మా అమ్మ లేదా?' అంది. ఇక్కడ పెద్దవాళ్లెవరూ లేరమ్మా, మొదటి రోజు నుంచీ ఇందులో మేమే ఉంటున్నాం అన్నాను. నంబరు మాటెత్తలేదు, ఇంకేమీ అడగలేదు. నీళ్లిస్తే తాగింది. కాసేపు కూలబడి, లేచి పోయింది."

"ఎటు?"

"వంతెన వైపే. వానల్లో జ్వరాలకి కొందరు పోయారని ఎవరో చెప్పి ఉంటారక్కా. తన తల్లీ పోయిందనుకున్నట్టుంది, పాపం."

సంచి అక్కడే వదిలేసి లేచాను. దర్జీ ఒక్క అబద్ధం చెప్పలేదు. గేటు దగ్గర ఆ కర్ర ఒళ్లో పెట్టుకుని ఆ ముసలామె ఉండి ఉంటే చాలు. ఉండకుండా చేసింది ఎవరు? నేనే. అంకె మార్చిందీ నేనే, మనిషిని తరిమిందీ నేనే.

రెండో వరస తొమ్మిదికి ఎలా నడిచానో తెలియదు. అవ్వ బయట కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. ఎదురుగా కూలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెబుతుంటే ఏడుపు తన్నుకొచ్చింది. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. అవ్వ చేట పక్కన పెట్టింది. కొంగుతో ముందు నా మొహం తుడిచింది, ఆ తర్వాత తన మొహం తుడుచుకుంది.

"ఏడుపులు తర్వాత ఏడుద్దాం. ముందు కర్రలు పీకు," అంది.

ఇద్దరం కలిసి పెద్దసారు దగ్గరికి వెళ్లాం. మంచి మనిషే, కానీ జాబితాలన్నీ కొత్త నంబర్లతో రాయించి రెండు వారాలు కాలేదు. బియ్యం, దుప్పట్లు, మందులు అన్నీ వాటి ప్రకారమే వెళుతున్నాయి.

"నీకేమైనా మతి పోయిందా? ఒక్క ముసలమ్మ కోసం నాలుగు వందల డేరాలు మళ్లీ తిరగేస్తావా? నీ ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు, గుర్తుందా?"

"ఉద్యోగం తీసెయ్యండి సార్. కర్రలు పాతాక తీసెయ్యండి. జాబితాలన్నీ నా చేత్తో నేనే తిరగరాస్తాను."

సారు ఏదో అనబోయారు. అంతలో అవ్వ ముందుకొచ్చింది. "సారూ, మీ ఇంటి నంబరెంత?"

సారు తెల్లబోయి చెప్పారు.

"మీ అమ్మకి అది తెలుసా?"

"ఎందుకు తెలియదు. నేను పుట్టిందే ఆ ఇంట్లో."

"మరి రేపు మీరు వెళ్లేసరికి ఆ నంబరు వేరేవాళ్ల గుమ్మానికి ఉంటే?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. చివరికి, తల ఎత్తకుండానే, "పొండి. కానీ నర్సమ్మ మళ్లీ గొడవకి రాకూడదు," అన్నారు.

దానికీ దారి దొరికింది. అంకెలు జనానివి, రంగులు మావి అనుకున్నాం. ప్రతి కర్ర మీదా పైన పాత నంబరు, దాని కింద వరస వరసకీ ఒక రంగు పట్టీ. నర్సుకి 'నీలం వరస, చివరి నుంచి నాలుగోది' అని చెబితే చాలు. ఇంత చిన్న సంగతి నాకు మొదటే ఎందుకు తట్టలేదంటే, అడగాలని తోచలేదు కనక.

పాత నంబర్లు చూసుకోవడానికి రిజిస్టరు చంకన పెట్టుకుని మొదటి డేరా దగ్గరికి వెళ్లాను. "మీ పాత నంబరెంత?" అని అడిగానో లేదో, లోపల్నుంచి ముగ్గురు ఒక్కసారే చెప్పారు. పక్క డేరాలోనూ అంతే. దర్జీ కూడా తన పాత నంబరు తడుముకోకుండా చెప్పాడు. నాలుగు వందల డేరాల్లో ఒక్కరంటే ఒక్కరు నీళ్లు నమల్లేదు. సొంత బిడ్డ పేరు చెప్పినట్టు చెప్పారు. తమ్ముడికి పంపామని ఒకరు, మా ఆయనకి చెప్పి పంపానని ఇంకొకరు, పెళ్లి కుదిరిన పిల్లకి చెప్పానని ఒక కుర్రవాడు. అందరూ ఆ అంకెలు ఎవరికో ఒకరికి పంపినవాళ్లే. మరి నేను మారుస్తుంటే ఎందుకు చెప్పలేదని దర్జీని అడిగితే నవ్వాడు.

"నువ్వు టేపు పట్టుకుని వస్తుంటే మా ఆవిడ పొయ్యి కూడా సర్దేసేదక్కా. నీతో ఎవరు చెబుతారు?"

తల కొట్టేసినంత పనైంది. ఆ రిజిస్టరు తెరవకుండానే పాత అంకెలు మళ్లీ రాయించి, సాయంత్రానికి కర్రలన్నీ పాతేశాం. చిన్నా పెద్దా అందరూ రాయి పట్టుకుని ఎవరి కర్ర వాళ్లే కొట్టుకున్నారు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది. ఒకరి కర్ర వంకరగా ఉంటే సరిచేయబోయి, ఈసారి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అంకెలైతే తిరిగొచ్చాయి. కానీ తల్లి చచ్చిపోయిందనుకుని వెళ్లిపోయిన పిల్లకి, తల్లి బతికే ఉందని నమ్మకం కలిగేదెలా? మళ్లీ డ్రైవర్లే దిక్కు. నేను చక్కగా చీటీ రాస్తానంటే అవ్వ వద్దంది. కాగితమంటే కూతురికి భయమే కదా. డ్రైవర్లని వరసగా నిలబెట్టి నోటిమాట చెప్పింది.

"ఆ సోమరిపోతుకి చెప్పండి. నా ఇనప పెనం అడిగి తీసుకెళ్లి ఏడాదైంది, ఇంతవరకూ తిరిగివ్వలేదు. ఏడో వరస ముప్పై ఒకటికి తెచ్చి ఇచ్చి, ఆ తర్వాత ఎక్కడికైనా పొమ్మనండి."

"ఇదేం మాటవ్వా? ప్రేమగా చెప్పొచ్చు కదా!" అన్నాను.

"ప్రేమగా చెబితే నేనని నమ్మదు," అంది.

ఆ తర్వాత ముప్పై ఎనిమిది రోజులు. వంతెన వారానికి ఒకసారే తెరిచేవాళ్లు. తెరిచిన రోజు నేను ఏ పని చేస్తున్నా చూపు గేటు మీదే. అవ్వని గేటు దగ్గర కూర్చోమని నేనే స్టూలు వేశాను. "నాకెందుకు, నా నంబరు నాకుంది," అని డేరా ముందే కూర్చుంది. పగలల్లా గంభీరంగా ఉండేది. సాయంత్రం లారీలు వెళ్లిపోయాక మాత్రం కర్ర మీద పడిన దుమ్ము కొంగుతో తుడిచేది. అది చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

ఆ రోజు నేను కాలవ గట్టు మీద కొలతలు పడుతున్నాను. గేటులోంచి ఒకమ్మాయి వచ్చింది. చంకలో చంటిది. ఎవర్నీ చూడటం లేదు, ఎవర్నీ అడగటం లేదు. ఒక్కో కర్ర దగ్గర ఆగి, పెదాలు కదుపుతూ అంకెలు చదువుకుంటూ నడుస్తోంది. రెండో చేతిలో నల్లటి ఇనప పెనం.

టేపు వదిలేశాను. అరిచి పిలుద్దామనుకున్నాను. కానీ నా నడుముకి టేపు సంచి, చంకన రిజిస్టరు, నేను ఎదురెళితే మళ్లీ బెదిరి పారిపోతుందేమోనని రిజిస్టరు గడ్డిలో పడేసి దూరంగా వెనకే నడిచాను. ముప్పై దాటింది. ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఆగి, పిలవడానికి ధైర్యం చాలక అలాగే నిలబడిపోయింది. పోయినసారి ఈ నంబరు దగ్గరే కదా ఎవరూ లేరన్నారు.

చంటిది కయ్యిమంది. డేరా గుడ్డ తొలగింది. అవ్వ బయటికొచ్చి కూతుర్ని చూసింది, చంటిదాన్ని చూసింది, పెనం చూసింది.

"అడుగంతా మసి పట్టించావు కదే," అంది.

అంతే. ఆ పెనం కిందపడ్డ చప్పుడుకి చుట్టుపక్కల డేరాలన్నీ బయటికొచ్చాయి. నేను దర్జీ భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను.

మరో రెండేళ్లకి అవతల సద్దుమణిగి శిబిరం మూసేశారు. జనం వెళుతూ ఎవరి నంబరు కర్ర వాళ్లు పీక్కుని మూటల్లో కట్టుకున్నారు. అవ్వ లారీ ఎక్కబోతూ వెనక్కి వచ్చి తన కర్ర నా చేతిలో పెట్టింది.

"నువ్వే ఉంచుకోవే. నావాళ్లంతా నా దగ్గరే ఉన్నారు. నన్ను వెతుక్కుంటూ రావాల్సినవాళ్లు ఇంకెవరూ లేరు," అంది.

ఆ తర్వాత ఎన్నో శిబిరాలు కట్టాను. కొత్తగా చేరినవాళ్లకి టేపు పట్టడం నేర్పే ముందు ఒక ప్రశ్న నేర్పేదాన్ని: 'మీ నంబరు ఎవరికి చెప్పారు?' అది అడక్కుండా ఒక్క కర్ర కదపనిచ్చేదాన్ని కాదు. నా వెనకాల వాళ్లు నవ్వుకునేవాళ్లు, నాకు తెలుసు.

చెప్పడం అయ్యేసరికి మున్సిపాలిటీ ఆయన గ్లాసులో టీ చల్లారిపోయింది. మా ఆయన పేపరు తలకిందులుగా పట్టుకుని ఉన్నారు. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నారో, ఆ పెనం దగ్గరికి వచ్చేసరికి ఆయనకి ప్రతిసారీ అదే అవస్థ.

మున్సిపాలిటీ ఆయన లేచి, మా పాత నంబరు కిందగా కొత్త స్టిక్కరు అంటించి, అరచేత్తో నొక్కాడు. ఇనప రేకు జేబులో పెట్టుకున్నాడు. గేటు దాటబోతూ ఆగి వెనక్కి తిరిగాడు.

"మరి ఈ పాత నంబరు మీరెవరికి చెప్పారమ్మా?"

"ఆ అవ్వకే," అన్నాను. "లారీ కదులుతుంటే అరిచి చెప్పాను."